చూపులేని అమ్మాయికి టెన్త్ పరీక్ష రాయమని మా పాపని అడిగారు. పంపాలా, వద్దా?

కోటిపల్లి బస్టాండ్ | ఫిబ్రవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పాప తొమ్మిదో తరగతి. నిన్న స్కూల్ నుంచి వస్తూనే డైరీ తీసి నా చేతిలో పెట్టింది. దగ్గర్లోని ఇంకో స్కూల్లో చూపులేని అమ్మాయి ఒకరు ఈసారి టెన్త్ రాస్తోందట. ఆ అమ్మాయి చెబుతుంటే రాయడానికి స్క్రైబ్ కావాలట. టెన్త్‌కి రాసేవాళ్లు తొమ్మిదో తరగతి చదువుతుండాలట, పై తరగతి వాళ్లు పనికిరారట. క్లాసులో చేతిరాత బాగున్న ముగ్గురిని అడిగితే మా పాప ఒక్కతే చెయ్యెత్తింది.

మావారు వద్దంటున్నారు. ఏడు పరీక్షలు, ఏడు రోజులు, అటూ ఇటూ ఆటో, పైగా ముందు నెల రోజులు ఆ అమ్మాయితో కూర్చుని ప్రాక్టీసు. "సేవ చెయ్యడానికి జీవితమంతా ఉంది, తొమ్మిదో తరగతి మళ్లీ రాదు" అంటారు. అత్తగారేమో "పుణ్యం వస్తుంది, పంపు" అంటారు. నాకు పుణ్యం సంగతి తెలీదు. నా టెన్షన్ వేరు. మా పాప తెలుగులో ఒత్తులు మింగేస్తుంది. ఇది రాసిన తప్పుకి ఎవరి పిల్లవో మార్కులు పోతే?

హైస్కూల్లో ఇలాంటి పనులు చేసినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు ఉంటే చెప్పండి. నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? సర్టిఫికెట్ ఇస్తారట. నేనడిగేది దాని గురించి కాదు.

ర్యాంకు కార్డు | ఫిబ్రవరి 11, రాత్రి 10:15

మీవారి మాటే నా మాట. మా బాబు ఎనిమిది, ఫౌండేషన్ కోర్సు. పొద్దున ఆరుంపావుకి బస్సెక్కితే రాత్రి ఏడున్నరకి దిగుతాడు. వాడికి సేవ చేసే టైమ్ సంగతి తర్వాత, నిద్రపోయే టైమ్ దొరికితే చాలు.

ఇంకో సంగతి. మన దగ్గర వాలంటీర్ అంటే ఏంటో అందరికీ తెలుసు. పెద్దమనుషులు వస్తుంటే రోడ్డు పక్కన ఎండలో జెండాలు పట్టుకుని నిలబెట్టడం, ఫంక్షన్‌కి కుర్చీలు మోయించడం. మా చిన్నప్పుడూ ఇదే. అందులో పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, పెద్దవాళ్లు ఊరికే పని చేయించుకుంటారని.

బాల్టిమోర్ బెండకాయ | ఫిబ్రవరి 12, ఉదయం 6:05

మాకు ఇక్కడ పంపాలా వద్దా అన్న ప్రశ్నే లేదండీ. మేరీలాండ్‌లో 75 గంటలు సేవ చేస్తే గానీ హైస్కూల్ డిప్లొమా రాదు. రాష్ట్రం మొత్తానికి ఈ నియమం పెట్టింది అమెరికాలో మేమే మొదట, 1992లో. గంటలు కావాలి కాబట్టి పిల్లలు చేస్తారు, పెద్దలు సంతకాలు పెడతారు. మన తెలుగువాళ్లలో తెలిసిన అంకుల్ చేత సంతకం పెట్టించుకునే బాపతు కూడా ఉంది, దాచేదేముంది.

మావాడు మొదట గంటల కోసమే ఫుడ్ బ్యాంకుకి వెళ్లాడు. అక్కడ వాడికి ఇచ్చిన పని డబ్బాల మీద తేదీలు చూడటం. తేదీ దాటినవి, బాగా సొట్టపడినవి పక్కన పెట్టాలి. మూడో శనివారం వచ్చి "అమ్మా, జనం తాము తినరని తెలిసినవే దానం ఇస్తున్నారు" అన్నాడు. ఆ మర్నాడు మా వంటింట్లో దూరాడు. ఇండియా నుంచి తెచ్చుకున్న పొడుల్లో సగం బయటికి వెళ్లిపోయాయి. 2019 నాటి ఇంగువ డబ్బా ఒకటి నేనే అడ్డం పడి కాపాడుకున్నాను.

నేర్చుకుంటారా అంటే, గంటలు లెక్కపెట్టినంత కాలం మావాడు ఏమీ నేర్చుకోలేదు. డబ్బాలు చూడటం మొదలుపెట్టాక నేర్చుకున్నాడు. రెండూ ఒకే గదిలో జరిగాయి మరి.

మిస్సిసాగా మిర్చి | ఫిబ్రవరి 12, ఉదయం 7:30

మా ఒంటారియోలో 40 గంటలు. మా అమ్మాయికి ఎప్పుడో దాటిపోయాయి, లైబ్రరీకి ఇంకా వెళ్తూనే ఉంది. గంటలు ఇప్పుడు నేను లెక్కపెడుతున్నా, దింపేది నేనే కాబట్టి.

చాక్‌పీసు | ఫిబ్రవరి 12, రాత్రి 8:20

నేను రిటైరైన బయాలజీ టీచర్ని. విశాఖలో ప్రభుత్వ హైస్కూల్, జూనియర్ రెడ్‌క్రాస్ బాధ్యత చాలా ఏళ్లు నాదే. ముందు మీకు పనికొచ్చే విషయాలు చెబుతాను తల్లీ.

కేంద్రం 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌తో రాసేవాళ్లకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపర్‌కి నాలుగు గంటలు. అది ఆ అమ్మాయికే కాదు, మీ పాపకి కూడా నాలుగు గంటలే. కడుపునిండా టిఫిన్ పెట్టి పంపండి. వీళ్లని విడిగా ఒక గదిలో కూర్చోబెడతారు. అనుమతి కాగితం ముందే వస్తుంది, హెడ్మాస్టర్‌ని అడిగి ఒకసారి కళ్లారా చూడండి. మార్చి మధ్య నుంచి ఎలాగూ ఒంటిపూట బడులే, తొమ్మిదో తరగతి పరీక్షలు ఏప్రిల్లో. మీవారు భయపడుతున్నంత నష్టం లేదు.

ఇక ర్యాంకు కార్డు గారన్నది. సగం నిజం. మా రోజుల్లో సర్కారే బళ్లలో ఒక పీరియడ్ పెట్టింది, ఎస్‌యూపీడబ్ల్యూ అని, సమాజానికి పనికొచ్చే ఉత్పాదక శ్రమ. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చెప్పిన సంగతి అది. పిల్లలు దానికి పెట్టుకున్న పేరు "సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్ వేస్టెడ్". మొక్క నాటేవాళ్లు, ఫొటో తీసేవాళ్లు, మర్నాడు మేక తినేది. ఆ పీరియడ్‌లో వేరుశనక్కాయలు తిన్న టీచర్లలో నేనూ ఒకణ్ణి.

కానీ ఒకటి చూశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది కదా. మా వీధిలో చెట్టన్నది నిలబడలేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రెండో రోజు పిల్లలు పదిమంది మా ఇంటికొచ్చారు, "ఏం చెయ్యమంటారు సార్" అని. నాకే ఏం తోచలేదు. రిజిస్టర్ ఒకటిచ్చి, ఇంటింటికీ వెళ్లి పాలు, నీళ్లు, మందులు ఎవరికి ఏం కావాలో రాసుకురండి అన్నాను. సాయంత్రానికి అందరూ పాలు, కొవ్వొత్తులు అని రాసుకొచ్చారు. ఒక పిల్ల మాత్రం పక్కన గీత గీసి కొత్త కాలమ్ పెట్టింది. దాని పైన "ఇన్సులిన్" అని రాసి ఉంది. వాళ్ల మామ్మకి షుగర్. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ ఏమవుతుందో ఆ ఇంట్లో పెరిగింది కాబట్టి తెలుసు. ఆ వీధిలో నాలుగిళ్లలో ఉన్నాయి. తడిగుడ్డ చుట్టిన కొత్త మట్టికుండలో పెట్టించింది. ఇరవయ్యేళ్లు మధుమేహం పాఠం చెప్పినవాణ్ణి, నాకు ఆ కాలమ్ తట్టలేదు.

ఆ పిల్ల ఆ రోజు నా దగ్గర నేర్చుకున్నదేమీ లేదు. తనకి తెలిసింది పదిమందికి పనికొస్తుందని కనిపెట్టింది, అంతే. పాఠ్యపుస్తకం ఆ అవకాశం ఇవ్వదు. అక్కడ జవాబు ముందే రాసి ఉంటుంది.

ర్యాంకు కార్డు | ఫిబ్రవరి 12, రాత్రి 9:02

మాష్టారూ, తుఫాను వేరు, ఇది వేరు. తుఫానప్పుడు ఎవరైనా వెళ్తారు. ప్రభుత్వం చెయ్యాల్సిన పని, చూపులేని పిల్లలకి స్క్రైబ్‌ని చూసిపెట్టడం, దాన్ని తొమ్మిదో తరగతి పిల్ల మంచితనం మీద వదిలేశారు. నాకు కోపం అందుకు.

చాక్‌పీసు | ఫిబ్రవరి 12, రాత్రి 9:20

ఆ కోపం న్యాయమే. కాదనను.

దుర్గా ఘాట్ | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1:45

మాది విజయవాడ. 2016 కృష్ణా పుష్కరాలు, ఆగస్టు 12 నుంచి 23 దాకా. అప్పుడు నాది తొమ్మిదే, స్కౌట్స్‌లో ఉన్నాను. తప్పిపోయినవాళ్ల టెంట్ దగ్గర వేశారు నన్ను. ర్యాంకు కార్డు గారు, మీ పక్షం నుంచి కూడా చెబుతాను: మమ్మల్ని తీసుకెళ్లిన స్కూల్‌వాళ్లు మొదటి రోజు భోజనం సంగతే మర్చిపోయారు. సాయంత్రం నాలుగింటికి ఎవరో భక్తులు పులిహోర పొట్లాలు ఇస్తే తిన్నాం. నాలుగో రోజుకి నాకు జ్వరం.

కానీ ఆ టెంట్ నేను మర్చిపోలేను. చిన్నపిల్లలు తప్పిపోతారనుకుని వెళ్లాను. వచ్చినవాళ్లలో ముప్పావు భాగం ముసలమ్మలు. ఒకావిడ వచ్చింది, తడిచీర, చేతిలో ఇత్తడి చెంబు. ఇలా సాగింది మా సంభాషణ.

"ఏ ఊరు మామ్మా?"
"మా ఊరే నాయనా."
"అదే, పేరేంటి?"
"మా ఊరంటే మా ఊరే. చింతచెట్టు కాడ."
"సరే, ఎవరితో వచ్చావు?"
"ఆయనతో."
"తాతయ్య పేరేంటి? మైకులో పిలుస్తాను."

ఆవిడ మాట్లాడదు. నేను గట్టిగా అడుగుతున్నాను, వినపడలేదేమోనని. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల పోలీసు కానిస్టేబుల్ ఒకాయన నవ్వి, "మొగుడి పేరు చెప్పదురా, దేవుడి పేరేమో అడుగు" అన్నాడు. అప్పుడు అడిగాను. "ఏడుకొండలాయన" అంది. వెంకటేశ్వర్లా, శ్రీనివాసరావా, బాలాజీయా? ఒక్కో పేరూ చెబుతూ పోయాను. నాలుగోదో ఐదోదో దగ్గర తల ఊపింది. "తిరుపతయ్య". మైకులో పిలిస్తే పది నిమిషాలకి ఇద్దరు తిరుపతయ్యలు వచ్చారు. అదృష్టం, ఒకాయన ఈవిడాయనే.

ఆ సాయంత్రానికి అడిగే తీరు మార్చేశాను. ఊరు పేరు కాదు, "బస్సు ఎక్కడ ఎక్కారు" అని. భర్త పేరు కాదు, "ఏ దేవుడి పేరు" అని. ఫోన్ నంబర్ కాదు, "కొడుకు ఏం పని చేస్తాడు" అని. ఇప్పుడు నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ చేస్తున్నాను. ఫోన్ చేసినవాడికి తన సమస్య పేరు తెలియదు. తెలివితక్కువవాడు అనుకునే కొలీగ్స్ ఉన్నారు. నాకు మాత్రం చింతచెట్టు కాడ మామ్మ గుర్తొస్తుంది.

అక్కా, మీ పాపని పంపండి. భోజనం సంగతి మాత్రం మీరే చూసుకోండి.

కోటిపల్లి బస్టాండ్ | ఫిబ్రవరి 13, రాత్రి 9:10

మీ మామ్మ కథ మావారికి చదివి వినిపించాను. నవ్వారు, కానీ ఒప్పుకోలేదు. పుష్కరాలన్న మాట వింటే ఆయనకి వేరే గుర్తొస్తుంది. 2015 జులై 14న మా ఊరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగినప్పుడు ఆయన అక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు, అప్పటికి పాప ఇంటర్లో ఉంటుంది, "దాన్ని అప్పుడు వాలంటీర్‌గా పంపనని నాకు మాటివ్వు" అన్నారు. ఇచ్చాను. ఇది ఒక గదిలో కూర్చుని రాసే పని కదా అంటే ఆలోచిస్తానన్నారు.

తెల్లకర్ర | ఫిబ్రవరి 15, రాత్రి 10:50

ఈ చర్చ స్నేహితుడు పంపితే చదివాను, అంటే విన్నాను. నాకు కంప్యూటర్ చదివి పెడుతుంది. బాల్టిమోర్ బెండకాయ అని అది పలికిన తీరుకి ఇంట్లో అందరూ నవ్వారు.

నేను బ్యాంకు ఉద్యోగిని, వరంగల్. పుట్టుకతోనే చూపు లేదు. 2004లో స్క్రైబ్‌తో టెన్త్ రాశాను. ఇక్కడ అందరూ రాసే పిల్ల ఏం నేర్చుకుంటుందో మాట్లాడుతున్నారు, కాబట్టి రాయించుకునేవాడి వైపు నుంచి ఒకటి చెప్పాలనిపించింది.

నాకు రాసినవాడు చాలా మంచివాడు. నన్ను చూసి జాలిపడ్డాడు, అక్కడే వచ్చింది చిక్కు. సాంఘిక శాస్త్రం పేపర్లో పశ్చిమానికి పారే నదుల గురించి ఒక బిట్టు. నర్మద, తపతి అని చెప్పాను. పరీక్ష అయ్యాక మెట్లు దిగుతుంటే వాడు మెల్లగా, "అన్నా, నువ్వు తడబడి నర్మద అన్నావు, నేను గోదావరి, కృష్ణ అని దిద్దాలే" అన్నాడు. వాడికి ఊళ్లో తెలిసిన నదులు అవి రెండే. ఇంకెన్ని దిద్దాడో నాకు ఈ రోజుకీ తెలియదు. వాడు దొంగ కాదు. నాకు మేలు చేస్తున్నానని పూర్తిగా నమ్మాడు.

కాబట్టి మీ అత్తగారికి చెప్పండమ్మా, ఆ అమ్మాయి పరీక్ష రాయడానికి వస్తోంది, పుణ్యం పంచడానికి కాదు. పాపకి నేను చెప్పేవి ఇవి. ప్రశ్న మొత్తం ఒకే గొంతుతో చదవాలి. ఆప్షన్లు చదివేటప్పుడు సరైనదాని దగ్గర గొంతు మారకూడదు, మేం గొంతులతోనే బతుకుతాం, చటుక్కున పట్టేస్తాం. అక్క ఆలోచిస్తుంటే పెన్ను టకటకలాడించకూడదు. గడియారం అక్కకి కనపడదు కాబట్టి అడిగినప్పుడల్లా టైమ్ చెప్పాలి. రాసింది తిరిగి చదివి వినిపించాలి. గదిలోకి రాగానే తన పేరు చెప్పాలి. నడిచేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని లాగకూడదు, తన మోచెయ్యి అందించాలి.

ఒత్తుల గురించి మీ భయం సరైనదే. బ్రెయిల్ చదువుకున్న పిల్లలకి శ, ష, స తేడా వేళ్లకి తెలుస్తుంది. రికార్డింగులు విని చదువుకున్నవాళ్లకి ఆ తేడా చెవికి అంతగా అందదు. ఆ అమ్మాయి ఏ రకమో మొదటి రోజే అడగమనండి. అనుమానం ఉన్న మాట దగ్గర ఏం చెయ్యాలో ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి.

ర్యాంకు కార్డు | ఫిబ్రవరి 16, ఉదయం 7:12

సార్, మీరు చెప్పాక నాకు అర్థమైంది ఇది కుర్చీలు మోసే పని కాదని. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు కానీ ఒక సలహా. ఆటో ఖర్చు ఎవరిది, తీసుకెళ్లేది ఎవరు, ప్రాక్టీసు ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఆడ టీచర్ ఉంటారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మంచిపని అన్నాక లెక్కలు అడగకూడదనే మొహమాటం వల్లే పిల్లలు ఇరుక్కుంటారు.

కోటిపల్లి బస్టాండ్ | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 2:30

మీ లిస్టు మావారికి బాగా నచ్చింది. ప్రింట్ తీసుకుని స్కూల్‌కి వెళ్లారు. వాళ్లు అన్నిటికీ సంతకం పెట్టారు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు, బండికి పెట్రోల్ కొట్టించారు.

కోటిపల్లి బస్టాండ్ | ఫిబ్రవరి 25, రాత్రి 9:55

పది రోజుల సంగతులు.

పాప మొదటి రోజు "పాపం" అనుకుంటూ వెళ్లింది. వచ్చేసరికి మూతి ముడుచుకుని ఉంది. అక్క ఎక్కాలు నోటితో పాపకంటే వేగంగా చేస్తుందట. పైగా పాప చేత ఆప్షన్లు చదివించుకుని, "నువ్వు సరైన ఆన్సర్ దగ్గర కొంచెం సాగదీస్తావు, పరీక్షలో అలా చదివితే నాకే అనుమానం వస్తుంది, ఇన్విజిలేటర్‌కి రాదా?" అందట. తెల్లకర్ర గారు అన్నది అన్నట్టే జరిగింది. ఇప్పుడు ఇంట్లో పేపర్ పట్టుకుని, హత్యావార్త, బంగారం ధర, సినిమా రివ్యూ అన్నీ ఒకే గొంతుతో చదువుతోంది. తమ్ముడు రోబో అని పిలుస్తున్నాడు.

అసలు గొడవ లెక్కల్లో. అక్క "ఎక్స్ ప్లస్ టూ బై త్రీ" అంది. పాప ఎక్స్ రాసి, ప్లస్ పెట్టి, పక్కన టూ బై త్రీ వేసింది. అక్క ఉద్దేశం ఎక్స్ ప్లస్ టూ మొత్తం పైన, కింద త్రీ. లెక్క చివరికి కుదరలేదు. ఎక్కడ పోయిందో తెలీదు. అరగంట వెతికారట. ఒకరు చూడలేరు, ఒకరికి లెక్క తెలీదు. చివరికి పాప మొదటి లైన్ నుంచి అక్షరం అక్షరం చదువుతుంటే అక్క "ఆగు, గీత ఎంత పొడుగు?" అందట.

కాగితం మీద గీత పొడుగుని బట్టి లెక్క మారుతుందని నేనెప్పుడూ ఆలోచించలేదండీ. చూసేవాళ్లకి అది కనిపిస్తుంది కాబట్టి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇద్దరూ భాష కుదుర్చుకున్నారు. "మొత్తం బై" అంటే గీత మొదటి నుంచి. "రూట్ మొదలు", "రూట్ ఆపు". క్వాడ్రాటిక్ ఫార్ములా అందరూ పాటలా పాడతారు కదా, మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ అని. ఆ పాటలో రూట్ ఎక్కడ ఆగుతుందో లేదని పాప కనిపెట్టింది. మూడు రోజుల నుంచి ఇంట్లో కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతోంది, పాలబ్బాయితో సహా.

చాక్‌పీసు | ఫిబ్రవరి 25, రాత్రి 10:20

గీత ఎంత పొడుగు. ఈ ప్రశ్న అడిగిన పిల్లని మా లెక్కల మాష్టారికి చూపించాలని ఉంది, ఆయన లేరు ఇప్పుడు.

బాల్టిమోర్ బెండకాయ | ఫిబ్రవరి 26, ఉదయం 5:50

ఇక్కడ మావాడికి 75 గంటలయ్యాక ఒక కాగితం రాయాల్సి వచ్చింది, ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు అని. ఇంటర్నెట్లో చూసి "నాయకత్వం, టీమ్ వర్క్, సానుభూతి" అని రాసి పారేశాడు. డబ్బాల సంగతి ఒక్క ముక్క లేదు. అదేంట్రా అంటే "అది నేర్చుకోవడం కిందికి వస్తుందా?" అన్నాడు.

కోటిపల్లి బస్టాండ్ | మార్చిలో, తెలుగు పరీక్ష రోజు, సాయంత్రం 4:15

తెల్లకర్ర గారు ఉంటే దయచేసి చూడండి.

మొదటి పరీక్ష అయింది. పాప ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఏడ్చింది. చెయ్యి నొప్పి అనుకున్నాను. కాదు. ఒక ప్రశ్నకి అక్క జవాబు తప్పు చెప్పిందట. పద్యం ఒక కవిదైతే ఇంకో కవి పేరు చెప్పింది. పాపకి అసలు పేరు తెలుసు, మొన్ననే వాళ్ల క్లాసులో చెప్పారు. తెలిసి తెలిసి తప్పు పేరు రాసింది. "అమ్మా, నాకు తెలుసు, నా చేత్తోనే తప్పు రాశాను" అని ఒకటే ఏడుపు.

ఇంకా ఉంది. మెట్ల దగ్గర అక్క అడిగిందట, "ఆ కవి పేరు తప్పు చెప్పానా? నీ పెన్ను ఒక్క సెకను ఆగింది" అని.

ఏం చెప్పాలి దీనికి? మావారు కూడా ఏమీ మాట్లాడట్లేదు.

తెల్లకర్ర | అదే రోజు, సాయంత్రం 6:40

బ్యాంకు అయ్యాక ఇప్పుడే విన్నాను. పాపకి నా మాటగా చెప్పండి. నువ్వు ఆ పేరు దిద్ది ఉంటే అక్కకి ఒక మార్కు వచ్చేది. కానీ రేపు అక్కకి ఎన్ని మార్కులొచ్చినా, వాటిలో ఏవి అక్కవో ఏవి నీవో ఇద్దరికీ తెలిసేది కాదు. నాకు 21 ఏళ్లయినా తెలియలేదు.

పెన్ను ఆగడం గురించి: అది వినపడటం మాకు మామూలే. రేపటి నుంచి ప్రతి జవాబుకీ ముందు ఒక సెకను ఆగమనండి, ఒప్పుకీ తప్పుకీ కూడా.

దుర్గా ఘాట్ | అదే రోజు, రాత్రి 8:05

చెయ్యి నొప్పికి ఉప్పు వేసిన వేడినీళ్లు. లావు పెన్ను కొనండి అక్కా, సన్నని జెల్ పెన్ను వద్దు.

కోటిపల్లి బస్టాండ్ | ఇంగ్లిష్ పరీక్ష రోజు, రాత్రి 9:00

ఒక సెకను ఆగే పద్ధతి పనిచేసింది. అక్కకి మొదట విసుగొచ్చిందట, సంగతి చెప్పాక నవ్విందట. లావు పెన్ను మావారు నాలుగు తెచ్చారు.

ర్యాంకు కార్డు | లెక్కల పరీక్ష రోజు, మధ్యాహ్నం 3:30

పేపర్ టఫ్‌గా వచ్చిందంటున్నారు. మన వాళ్లకెలా అయిందండీ?

కోటిపల్లి బస్టాండ్ | లెక్కల పరీక్ష రోజు, రాత్రి 8:45

అడిగినందుకు థ్యాంక్సండీ. ఆఖరి నిమిషం దాకా రాశారట. ఒకచోట అక్క "మొత్తం బై" అనడం మర్చిపోయింది. పాపకి అనుమానం వచ్చింది, కానీ అడిగితే జవాబు చెప్పినట్టవుతుందేమోనని భయం. చివరికి "గీత ఎక్కడి నుంచి?" అని మాత్రమే అడిగింది. ఇన్విజిలేటర్ తలెత్తి చూశారట. అది రాసేదాని గురించి ప్రశ్నే, జవాబు కాదు కదా మాష్టారూ? పాప పడుకునేదాకా ఇదే అడుగుతోంది.

చాక్‌పీసు | లెక్కల పరీక్ష రోజు, రాత్రి 9:10

అక్క చెప్పింది కాగితం మీద ఎలా పెట్టాలో అడిగింది. ఏం చెప్పాలో చెప్పలేదు. నేను ఇన్విజిలేటర్‌నైతే మళ్లీ పేపర్ చదువుకునేవాణ్ణి. పాపని నిద్రపోనివ్వండి.

కోటిపల్లి బస్టాండ్ | ఏప్రిల్ చివర్లో, ఫలితాల రోజు, రాత్రి 10:10

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, ఆలస్యానికి క్షమించండి. పాప తొమ్మిదో తరగతి పరీక్షలు కూడా అయిపోయాయి, సోషల్‌లో కాస్త తగ్గింది. మావారు దానికి స్క్రైబ్ పనిని కారణంగా చూపించలేదు. సెల్‌ఫోన్‌ని చూపించారు.

అక్క మంచి మార్కులతో పాసైంది. మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. తెలుగులో తను తప్పు చెప్పిన కవి సంగతి తనే ఎత్తి నవ్విందట. లెక్కల్లో 87. పాప మొహం మాడిపోయింది. పరీక్ష రోజే మేడ మీద కూర్చుని, గుర్తున్నంతవరకు లెక్కలన్నీ మళ్లీ చేసి, 91 వస్తాయని రాసి పెట్టుకుంది. ఆ కాగితం ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద ఉంది. పోయిన నాలుగు మార్కులు అక్క లెక్కలో పోయాయా, తన గీతలో పోయాయా అని భోజనం మానేసి వెతుకుతోంది. రీవెరిఫికేషన్ పెట్టమని అక్కకి ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి అక్క, "నాకు 87 చాలే తల్లీ, నన్ను పడుకోనీ" అని పెట్టేసింది.